పుస్తకం మూసి చదవండి: జ్ఞాపకం ఎలా పనిచేస్తుంది, దానితో ఎలా పని చేయించుకోవాలి

బ్యాంకు నుంచి ఓటీపీ వస్తుంది. ఆరంకెలు. మెసేజ్‌లో చూసి, పెదాల మధ్య గొణుక్కుంటూ యాప్‌లోకి వెళ్లి కొడతాం. కొట్టిన అర నిమిషానికి "ఏం నంబరు వచ్చింది?" అని ఎవరైనా అడిగితే తెల్లమొహం వేస్తాం. మా అమ్మమ్మగారింట్లో ఒకప్పుడుండే ల్యాండ్‌లైన్ నంబరు అడగండి, ఇప్పటికీ గడగడా చెప్పేస్తాను. ఆ ఫోను తీయించేసి పాతికేళ్లు కావస్తోంది.

మొదటిది స్వల్పకాలిక స్మృతి, రెండోది దీర్ఘకాలిక స్మృతి. టెట్, డీఎస్సీలకు చదివేవాళ్లకు ఈ రెండు మాటలూ కొట్టిన పిండే. నేను వాళ్లకే సైకాలజీ చెబుతాను కాబట్టి ఏటా ఒక వింత చూస్తుంటాను. జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే ఆయన మరపు ఎంత వేగంగా వస్తుందో లెక్కగట్టి 1885లోనే పుస్తకం వేశాడు. మన పిల్లలు ఆయన పేరు, సంవత్సరం, ఆ గ్రాఫు ఆకారం అన్నీ బట్టీ పడతారు. ఆయన చెప్పిన వేగంతోనే మర్చిపోతారు. మరపు గురించి చదివిన పాఠాన్ని మరపు తగ్గించుకోవడానికి వాడుకోవచ్చని ఎవరికీ తట్టదు. నాకూ చాలాకాలం తట్టలేదు. నాలుగు రంగుల హైలైటర్లు కొని పుస్తకాన్ని హోలీ ఆడించినవాణ్నే.

కింద చెప్పేదంతా ఆ వాడుక గురించే. పరీక్షలకు చదివేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, కానీ కొత్త భాష నేర్చుకునేవాళ్లకూ, పద్యాలు నోటికి రావాలనుకునేవాళ్లకూ లెక్క ఇదే.

లోపల ఏం జరుగుతుంది

1968లో అట్కిన్సన్, షిఫ్రిన్ అనే ఇద్దరు గీసిన నమూనానే ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో వేస్తున్నారు. అందులో మూడు గదులుంటాయి. మొదటిది ఇంద్రియాలది. దీపావళి నాడు కాకరపువ్వొత్తిని చీకట్లో గిరగిరా తిప్పితే నిప్పుచక్రం కనిపిస్తుంది కదా. అక్కడ చక్రమేమీ లేదు, ఒక్క నిప్పుచుక్కే ఉంది. అది వదిలిన జాడ మనకింకా ఆరలేదు, అంతే. చెవికీ ఇలాంటిదే ఉంది. ఫోన్‌లో మునిగిపోయి ఉండగా ఇంట్లోవాళ్లేదో అంటారు, "ఏంటీ?" అంటాం, వాళ్లు మళ్లీ చెప్పేలోపే అన్నది మనకు తెలిసిపోతుంది. ఈ జాడలు సెకన్లలో చెరిగిపోతాయి. వీటి విషయంలో మనం చేయగలిగింది పెద్దగా లేదు కాబట్టి ముందుకు పోదాం.

రెండో గది స్వల్పకాలిక స్మృతి. ఇది ఎంత చిన్నదో, ఎంత తొందరగా ఖాళీ అవుతుందో 1959లో పీటర్సన్ దంపతులు చూపించారు. విద్యార్థులకు మూడేసి హల్లులు వినిపించి, వెంటనే ఒక పెద్ద సంఖ్య నుంచి మూడు చొప్పున తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నారు. లోలోపల వల్లె వేసుకునే వీలు లేకుండా చేశారన్నమాట. పద్దెనిమిది సెకన్లు గడిచేసరికి పదింట తొమ్మిదిసార్లు ఆ అక్షరాలు పోయాయి. మూడే మూడు అక్షరాలు!

1974లో అలన్ బాడ్లీ, గ్రాహం హిచ్ వచ్చి, ఇది ఊరికే సామాను పెట్టుకునే గది కాదు, పని జరిగే చోటు అన్నారు. అప్పటినుంచి దీన్ని పనిచేసే స్మృతి అనడం బాగా వాడుకలోకి వచ్చింది. నాకైతే వంటింటి గట్టు గుర్తొస్తుంది. కూరగాయలు తరగాలన్నా, పిండి కలపాలన్నా, పోపు డబ్బా పెట్టుకోవాలన్నా ఆ మూడడుగుల చోటే. 47కి 38 మనసులో కలిపి చూడండి. ఏడూ ఎనిమిదీ పదిహేను, ఒకటి చేతిలో పెట్టుకుని, నాలుగూ మూడూ... ఆ "చేతిలో పెట్టుకోవడం" గట్టు మీదే జరుగుతుంది. ఈలోపు ఎవరైనా టైమెంతైందని అడిగితే చేతిలోది జారిపోతుంది.

మూడోది దీర్ఘకాలిక స్మృతి, స్టోర్‌రూమ్. దానికి హద్దెక్కడుందో ఇంతవరకూ ఎవరికీ తగల్లేదు. అందులోనూ అరలున్నాయి. అక్క పెళ్లిలో వాన పడి షామియానా కూలిన రోజు ఒక అర, భారతదేశ రాజధాని ఢిల్లీ అన్న సంగతి ఇంకో అర. ఈ తేడాను 1972లో ఎండెల్ టల్వింగ్ స్పష్టంగా చెప్పాడు. సైకిల్ తొక్కడం, జడ అల్లడం లాంటి చేతి పనులు వేరే అరలో ఉంటాయి, అవి మాటల్లో చెప్పలేం, చేసి చూపిస్తాం.

ఈ గదులు నిజంగానే వేరని తెలిసింది ఒక మనిషి దురదృష్టం వల్ల. హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ యువకుడికి మూర్ఛరోగం. 1953లో, ఇరవై ఏడేళ్ల వయసులో, ఆ మూర్ఛలు తగ్గించడానికి ఆపరేషన్ చేసి, మెదడుకు రెండు పక్కలా ఉండే హిప్పోక్యాంపస్ అనే భాగంలో చాలావరకు తీసేశారు. మూర్ఛలు తగ్గాయి. కానీ ఆ తర్వాత జరిగిందేదీ అతనిలో నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి అతన్ని పరీక్షించింది, వెళ్లిన ప్రతిసారీ ఆమె అతనికి కొత్త మనిషే. అయినా ఓ ఫోన్ నంబరు చెబితే వల్లె వేసుకుంటున్నంతసేపూ పట్టుకోగలిగేవాడు. చిన్నప్పటి సంగతులు చెప్పగలిగేవాడు. గట్టు బాగుంది, స్టోర్‌రూమ్ బాగుంది, మధ్యలో తలుపు పోయింది. మరో విచిత్రం: అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం గీయమంటే రోజురోజుకూ అతని చెయ్యి కుదురుకుంది, అలాంటి పనెప్పుడూ చేసినట్టే గుర్తులేకపోయినా. 2008లో చనిపోయేవరకూ పుస్తకాల్లో అతని పేరు రెండు పొడి అక్షరాలుగానే ఉండేది.

మనందరికీ ఆ తలుపు ఉంది. దాన్ని ఎలా తెరవాలన్నదే ఇక ప్రశ్న.

మొదటి మెట్టు: మీ గట్టు వెడల్పు కొలుచుకోండి

ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టుకోండి. వాళ్లు సెకనుకొకటి చొప్పున అంకెలు చదవాలి, వరస లేకుండా. ముందు నాలుగు, తర్వాత ఐదు, అలా పెంచుకుంటూ పోవాలి. విన్న వరసలోనే మీరు తిరిగి చెప్పాలి. రెండుసార్లు వరసగా తప్పిన చోట ఆపండి. ఎక్కువమంది ఆరు, ఏడు దగ్గర ఆగుతారు. 1956లో జార్జ్ మిల్లర్ ఏడుకు రెండు అటూ ఇటూ అన్నది ఈ లెక్కే. తర్వాత నెల్సన్ కోవన్ 2001లో, వల్లె వేసుకునే అవకాశం, గుత్తులుగా కట్టుకునే అవకాశం రెండూ తీసేస్తే మిగిలేది నాలుగే అన్నాడు.

ఇప్పుడు చిన్న సరదా. అవే అంకెలు ఒకసారి తెలుగులో, ఒకసారి ఇంగ్లీషులో చదివించుకోండి. "తొమ్మిది, ఎనిమిది, నాలుగు" పలకడానికి పట్టే సమయం "నైన్, ఎయిట్, ఫోర్"కి పట్టదు. లోగొంతుతో దాదాపు రెండు సెకన్లలో పలకగలిగినన్ని మాటలే మనం పట్టుకోగలమని బాడ్లీ బృందం 1975లో తేల్చింది. మాట పొడుగైతే పట్టేవి తగ్గుతాయి. ఎంత తెలుగు అభిమానులైనా ఫోన్ నంబరు దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషులోకి దిగిపోవడానికి చదువుల అలవాటుతో పాటు ఇదీ ఒక కారణమని నా అనుమానం.

ఈ కొలత ఎందుకంటే, గట్టు మీద నాలుగు వస్తువులే పడతాయని తెలిసినవాడు ఒకేసారి పదిహేను పెట్టడు. పేజీ మొత్తం ఒక్క గుక్కలో చదివేయడం అంటే పదిహేను పెట్టడమే.

రెండో మెట్టు: అసలు ఎక్కించామా?

పర్సు తీయకుండా చెప్పండి: కొత్త 200 రూపాయల నోటు వెనక ఏ కట్టడం ఉంది? 50 నోటు వెనక? కొన్ని వందలసార్లు పట్టుకుని ఉంటారు. 200 వెనక సాంచి స్తూపం, 50 వెనక హంపి రాతిరథం. అమెరికాలో 1979లో నికర్సన్, ఆడమ్స్ అనే ఇద్దరు తమ ఒక సెంటు నాణెంతో ఇలాగే పరీక్ష పెడితే అక్కడివాళ్లూ తడబడ్డారు. ఎన్నిసార్లు చూశామన్నది కాదు, ఎప్పుడైనా పట్టించుకున్నామా అన్నదే లెక్క.

"గ్యాస్ కట్టేశానా లేదా" అని బస్టాండు దాకా వెళ్లి వెనక్కొచ్చేవాళ్లు తమకు మతిమరుపు వచ్చేసిందని కంగారు పడుతుంటారు. చాలావరకు అది మరపు కాదు. చెయ్యి నాబ్ తిప్పింది, మనసు ఆ టైములో బస్సు గురించి ఆలోచిస్తోంది. ఎక్కనిది దిగిపోవడమేమిటి? మందు చాలా సులువు. నాబ్ తిప్పుతూ "శనివారం, గ్యాస్ కట్టేశాను" అని పైకి అనండి. పిచ్చిగా ఉంటుంది, పనిచేస్తుంది.

చదువు దగ్గర ఈ మెట్టుకు ఒకటే అర్థం: ఫోన్ వేరే గదిలో ఉండాలి. దీని మీద ఇంతకంటే ఉపన్యాసం అనవసరం.

మూడో మెట్టు: గుత్తులు కట్టండి

గట్టు మీద నాలుగే పడతాయి, కానీ ఒక్కొక్కటి ఎంత పెద్దదన్న దానిమీద ఆంక్షేమీ లేదు. విడివిడిగా పన్నెండు ఉల్లిపాయలు దొర్లిపోతాయి, సంచిలో వేస్తే ఒక్క వస్తువు.

దీనికి నాకు తెలిసిన అందమైన ఉదాహరణ మన ఛందస్సులోనే ఉంది. ఎనిమిది గణాలు, ఒక్కో గణానికి మూడేసి గురులఘువులు. మొత్తం ఇరవై నాలుగు గుర్తులు, ఏది ఏదో కలగాపులగం అయిపోతుంది. మన తెలుగు మాస్టార్లు ఇచ్చింది పది అక్షరాల మాట: యమాతారాజభానసలగం. య గణం కావాలా? య దగ్గర మొదలెట్టి మూడు అక్షరాలు: య-మా-తా, అంటే లఘువు, గురువు, గురువు. మ గణం: మా-తా-రా, మూడూ గురువులే. ర గణం: రా-జ-భా, గురువు, లఘువు, గురువు. న గణం: న-స-ల, మూడూ లఘువులు. ఇలా ఒక్కో అడుగు జరుపుకుంటూ పోతే స-ల-గం దాకా ఎనిమిదీ వచ్చేస్తాయి. ఇరవై నాలుగు గుర్తులు ఒక్క మాటలోకి దూరిపోయాయి. దీన్ని ఎవరు కట్టారో గానీ, మిల్లర్ కంటే ఎన్నో తరాల ముందే గుత్తి రహస్యం తెలిసినవాళ్లు.

గుత్తికి ఎంత బలముందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పే ప్రయోగం ఒకటుంది. 1980లో ఎరిక్సన్, చేజ్ బృందం ప్రచురించింది. ఒక మామూలు కాలేజీ కుర్రాడు, మొదట్లో అందరిలాగే ఏడంకెలు చెప్పేవాడు. ఇరవై నెలల్లో సుమారు 230 గంటల సాధనతో దాదాపు ఎనభై అంకెల వరసను ఒక్కసారి విని చెప్పే స్థాయికి చేరాడు. అతను పరుగుపందేలు పరిగెత్తేవాడు, అందుకని వినపడ్డ అంకెలను పరుగు టైమింగులుగా మార్చుకునేవాడు. 3492 అంటే 3 నిమిషాల 49.2 సెకన్లు, మైలు పరుగులో అప్పటికి దాదాపు ప్రపంచ రికార్డు సమయం, అలా. తర్వాత అంకెలు ఆపి ఇంగ్లీషు అక్షరాలు ఇచ్చారు. మళ్లీ ఆరు దగ్గరికి పడిపోయాడు! పెరిగింది గట్టు కాదు, అంకెలకు కుట్టుకున్న సంచులు. "జ్ఞాపకశక్తి పెంచే" యాప్‌లకూ మాత్రలకూ డబ్బు కట్టే ముందు ఈ కుర్రాణ్ని తలుచుకోండి.

మీ పాఠానికి వద్దాం. ప్రాథమిక హక్కుల ఆర్టికల్స్ 14 నుంచి 32 దాకా ఒక్కొక్కటే బట్టీ పట్టకండి. 14 నుంచి 18 సమానత్వం, 19 నుంచి 22 స్వేచ్ఛ, 23, 24 దోపిడీ నుంచి రక్షణ, 25 నుంచి 28 మతం, 29, 30 సంస్కృతి, విద్య, చివర 32 వీటికోసం నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే హక్కు. ఆరు సంచులు. ముందు సంచుల పేర్లు రావాలి, లోపలివి తర్వాత.

నాలుగో మెట్టు: ఏదో ఒకదానికి ముడి వేయండి

1975లో క్రెయిక్, టల్వింగ్ చేసిన ప్రయోగంలో కొన్ని మాటలు చూపించి పెద్ద అక్షరాల్లో ఉందా అని, కొన్నిటికి ఫలానా మాటతో ప్రాస కుదురుతుందా అని, కొన్నిటికి ఈ వాక్యంలో అర్థవంతంగా ఇముడుతుందా అని అడిగారు. గుర్తుపెట్టుకోమని ముందుగా చెప్పలేదు. తర్వాత చూస్తే అర్థం గురించి ఆలోచించిన మాటలే బాగా మిగిలాయి.

కాబట్టి ప్రతి కొత్త విషయానికీ "ఇది దేనికి చుట్టం?" అని అడగాలి. ఆర్టికల్ 21ఎ ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య, 2002లో 86వ సవరణతో వచ్చింది. ఆర్టికల్ 24 పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఫ్యాక్టరీల్లో, గనుల్లో పెట్టకూడదంటుంది. వేర్వేరు సంచుల్లో ఉన్నా ఇద్దరూ ఒకే పిల్లాడి గురించి మాట్లాడుతున్నారు: ఒకరు బడికి పంపమంటున్నారు, ఒకరు పనికి పంపొద్దంటున్నారు. మీ ఇంటి దగ్గర మెకానిక్ షెడ్డులో స్పానర్ అందించే పిల్లాణ్ని మనసులోకి తెచ్చుకుంటే ఆ రెండు నంబర్లూ ఇక విడిపోవు.

ఐదో మెట్టు: పుస్తకం మూయండి

ఈ రాత అంతటిలో ఒక్కటే తీసుకెళ్తానంటే ఇది తీసుకెళ్లండి.

2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఓ చిన్న గద్యభాగం చదవమని ఇచ్చారు. తర్వాత ఒక గుంపు దాన్నే మళ్లీ చదివింది. ఇంకో గుంపు చూడకుండా గుర్తొచ్చినంత కాగితం మీద రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి: 81 శాతం, రాసినవాళ్లకు 75. వారం తర్వాత పెడితే తారుమారు: మళ్లీ చదివినవాళ్లకు 42 శాతం, రాసినవాళ్లకు 56. రాసినవాళ్లు పుస్తకం రెండోసారి చూడనే లేదని గమనించండి.

ఆ ఐదు నిమిషాల ఫలితమే మనల్ని ముంచుతుంది. మళ్లీ చదవగానే "వచ్చేసింది" అనిపిస్తుంది. అది వచ్చేయడం కాదు, మొహం తెలిసినట్టుండడం. పెళ్లిలో ఎవరో ఎదురొచ్చి నవ్వుతారు, ఎక్కడో చూశాం, పేరు మాత్రం రాదు. పుస్తకం ముందున్నంతసేపూ ప్రతి వాక్యం అలా నవ్వే చుట్టమే. సైకాలజీలో దీన్ని గుర్తింపు అంటారు, లోపల్నుంచి బయటికి తీయడాన్ని పునఃస్మరణ అంటారు. హైలైటర్ గుర్తింపును పెంచుతుంది. డన్లోస్కీ బృందం 2013లో పది చదువు పద్ధతులను బేరీజు వేస్తే గీతలు గీయడం, మళ్లీ మళ్లీ చదవడం అట్టడుగు వర్గంలో పడ్డాయి. పైన నిలిచినవి రెండే: తనకు తాను పరీక్ష పెట్టుకోవడం, ఎడం ఇచ్చి చదవడం.

మా దగ్గర చదివిన ఒకమ్మాయితో చేయించింది చెబుతాను. "సార్, ప్రాథమిక హక్కులు ఏడుసార్లు చదివాను, అన్నీ వచ్చు" అంది. పుస్తకం తీసుకుని తెల్లకాగితం ఇచ్చాను. 14 రాసింది, 17 అంటరానితనం రాసింది, 19, 21, 32 రాసింది. పెన్ను ఆగిపోయింది. కాసేపు పైకి చూసింది, మొహం ఎర్రబడింది. "నాలుక మీదే ఉంది సార్, ఒక్కసారి చూస్తాను" అంది. చూడనివ్వలేదు. రెండు నిమిషాలు కొట్టుకుంది. 23 బయటికొచ్చింది, దాని వెనకే 24. తర్వాత పుస్తకం ఇచ్చి, రానివాటి దగ్గర మాత్రం ఎర్రపెన్నుతో రాసుకోమన్నాను. ఆ ఎర్రగీతలున్నవే మర్నాటి పాఠం. ఏడుసార్లు చదవడానికి పట్టిన సమయంలో ఇది నాలుగుసార్లు చేయొచ్చు.

ఆ రెండు నిమిషాల కొట్టుకులాట చాలా ఇబ్బందిగా ఉంటుంది, అందుకే ఎవరూ చేయరు. కానీ బరువెత్తినప్పుడు భుజం నొప్పిలాంటిది అది. వెతుక్కుంటూ వెళ్లిన దారి తర్వాతిసారికి తొక్కిన బాటవుతుంది. తప్పు రాసినా ఫర్వాలేదు, వెంటనే సరైనది చూసుకుంటే చాలు. చూసుకోకపోతే మాత్రం తప్పే స్థిరపడే ప్రమాదముంది.

ఆరో మెట్టు: ఎడం ఇవ్వండి

ఎబ్బింగ్‌హాస్ అర్థంలేని అక్షరాల జాబితాలు తయారుచేసుకుని తన మీదే ప్రయోగం చేసుకున్నాడు. ఒక జాబితా తప్పు లేకుండా నేర్చుకోవడం, కొంతకాలం ఆగి మళ్లీ నేర్చుకోవడం, రెండోసారి ఎంత శ్రమ ఆదా అయిందో చూడటం. ఇరవై నిమిషాల తర్వాత 58 శాతం శ్రమ ఆదా అయింది. గంటకు 44. ఒక రోజుకు 34. నెలకు 21. మనవాళ్లు ఈ పట్టికలో మొదటి సగమే చూసి భయపడతారు. నాకు నచ్చేది రెండో సగం: రోజుకీ నెలకీ మధ్య పడింది 13 శాతమే. మొదటి రోజు దాటినది మొండిగా నిలబడుతుంది. పైగా ఒక్క అక్షరం గుర్తులేదనిపించినప్పుడు కూడా మళ్లీ నేర్చుకోవడం మొదటిసారికంటే తేలికే.

అందుకే ఒకేరోజు ఐదుసార్లకంటే ఐదు రోజుల్లో ఒక్కోసారి మేలు. ఎంత ఎడం? 2008లో సెపెడా బృందం పదమూడు వందల మందికి పైగా మనుషుల మీద చూసి చెప్పిన జవాబు, పరీక్ష ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి. పరీక్ష వారంలో ఉంటే ఒక రోజు ఎడం బాగా పనిచేసింది, ఏడాది దూరంలో ఉంటే మూడు వారాల ఎడం. డీఎస్సీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలుసు కాబట్టి నేను మా వాళ్లకు 1, 3, 7, 21 రోజులని చెబుతాను. ఈ అంకెలు ప్రయోగశాలవి కాదు, నా అనుభవంలో నడిచినవి.

అమలుకు యాప్‌లున్నాయి, కానీ నాకిష్టమైనది పెళ్లికార్డుల పద్ధతి. ప్రతి ఇంట్లో పాత శుభలేఖలు గుట్టగా పడుంటాయి. ఖాళీ వైపు ఉన్న దళసరి కాగితాన్ని నాలుగు ముక్కలు చేయండి. ఒక పక్క ప్రశ్న, రెండో పక్క జవాబు. చెప్పుల డబ్బాలో మూడు అరలు అట్టతో కట్టండి. కొత్తవన్నీ మొదటి అరలో, రోజూ తీయాలి. సరిగ్గా చెబితే రెండో అరకు, మూడు రోజులకోసారి. మళ్లీ సరిగ్గా చెబితే మూడో అరకు, వారానికోసారి. ఎక్కడ తప్పినా తిన్నగా మొదటి అరకే. 1970లలో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ పాత్రికేయుడు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది, శుభలేఖలు మాత్రం మనవి.

ఎడం, వెతుకులాట రెండూ కలిస్తే ఏమవుతుందో చూడాలంటే అష్టావధానానికి వెళ్లండి. చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి లాంటివి అడిగేవాళ్లకు అవధాని పద్యం మొత్తం ఒకేసారి చెప్పరు. మొదటి ఆవృత్తిలో ఒక్కో పాదమే చెప్పి పక్కవారి దగ్గరికి వెళ్తారు. అందరినీ చుట్టి మళ్లీ మొదటివారి దగ్గరికి వచ్చేసరికి ఆ మొదటి పాదాన్ని లోపల్నుంచి తీస్తే గానీ రెండోది కట్టలేరు. నాలుగు ఆవృత్తులంటే ప్రతి పద్యాన్నీ ఎడంతో మళ్లీ మళ్లీ బయటికి తీయడమే. మధ్యలో మోగే గంట ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టాలి, అప్రస్తుత ప్రసంగంవారి చమత్కారాలకు జవాబివ్వాలి. పీటర్సన్ దంపతులు విద్యార్థులతో వెనక్కి లెక్కపెట్టించింది ఇలాంటి అడ్డంకే కదా! చివర ధారణలో పద్యాలన్నీ ఏకబిగిన వస్తాయి. యతి, ప్రాస అక్కడ అలంకారాలు మాత్రమే కాదు, పట్టుకొమ్మలు. ఉత్పలమాలలో రెండో అక్షరం ఏ హల్లుతో ఉండాలో, పదో అక్షరం ఏ వర్గంలో ఉండాలో ముందే తెలిసిపోతుంది. సభలో మనం దైవదత్తం అనుకుని చప్పట్లు కొడతాం. ప్రతిభ ఉంది, కాదనను. కానీ ఆ ప్రక్రియ కట్టుబడిలోనే చాలా తెలివుంది.

ఏడో మెట్టు: పోలికున్నవి విడదీయండి, పడుకోండి

పిల్లల ఆలోచన ఎదుగుదల మీద పియాజే చెప్పిన దశలు, నీతి ఎదుగుదల మీద కోల్‌బర్గ్ చెప్పిన దశలు ఒకే సాయంత్రం వెంటవెంటనే చదివితే పరీక్షలో ఒకాయన దశ ఇంకొకాయన ఖాతాలో పడుతుంది. దీన్ని అవరోధం అంటారు, ఎంత పోలిక ఉంటే అంత గొడవ. మొదటిసారి నేర్చుకునేటప్పుడు వాటి మధ్య లెక్కలో, తెలుగు వ్యాకరణమో పెట్టండి. రెండూ విడివిడిగా కుదిరాక అప్పుడు పక్కపక్కన పెట్టి తేడాలు చూసుకోండి.

నిద్ర విషయం 1924 నుంచీ తెలుసు. జెంకిన్స్, డాలెన్‌బాక్ అనే పరిశోధకులు ఇద్దరు విద్యార్థులతో చేసిన ప్రయోగంలో నేర్చుకున్నాక పడుకున్నప్పుడు మిగిలింది, మెలకువగా గడిపినప్పుడు మిగిలినదానికంటే చాలా ఎక్కువ. పగటి జ్ఞాపకాలను మెదడు నిద్రలో తిరగేసుకుని గట్టిపరుచుకుంటుందని తర్వాతి పరిశోధనలు చూపిస్తున్నాయి. పరీక్ష ముందురోజు తెల్లారేదాకా టీ తాగుతూ కూర్చోవడం కంటే పదింటికి కార్డులు ఒకసారి తిప్పి పడుకోవడం లాభం. అమ్మలు ఎప్పుడూ చెప్పేదే, ఈసారి వాళ్లది రైటు.

ఎనిమిదో మెట్టు: గట్టిగా గుర్తుందంటే నిజమని కాదు

జ్ఞాపకం వీడియో కాదు. తీసిన ప్రతిసారీ కొంత మళ్లీ కట్టుకుంటాం. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ కార్ల ప్రమాదం ఫిల్ములు చూపించి వేగమెంతని అడిగారు. ప్రశ్నలో "తగిలినప్పుడు" లాంటి మెత్తటి మాట వాడితే గంటకు సుమారు 32 మైళ్లన్నారు, "గుద్దుకుని నుజ్జయినప్పుడు" అన్నట్టు వాడితే సుమారు 41. మరో ప్రయోగంలో, వారం తర్వాత పగిలిన గాజు చూశామన్నవాళ్లు మెత్తటి మాట విన్నవాళ్లలోకంటే నుజ్జు మాట విన్నవాళ్లలో రెట్టింపుకు పైగా ఉన్నారు. ఫిల్ములో గాజేమీ పగల్లేదు.

మొదట్లో గడగడా చెప్పేస్తానన్న ల్యాండ్‌లైన్ నంబరు మొన్న మా చిన్నమామయ్య దగ్గర పందెం వేసి చెప్పాను. ఆయన పాత డైరీ తెచ్చాడు. చివరి రెండంకెలు నేను తిప్పేసి చెబుతున్నాను. ఎన్నేళ్లుగానో తెలీదు. ఎప్పుడూ ఎవరితోనూ సరిచూసుకోలేదు కాబట్టి తప్పే నోటికొచ్చేసింది. అందుకే ఐదో మెట్టులో ఎర్రపెన్ను పెట్టాను: తీయడం ఎంత ముఖ్యమో, తీసినదాన్ని పుస్తకంతో పోల్చడమూ అంతే.

ఇక ఇదంతా ఆరోగ్యంగా ఉన్న జ్ఞాపకం గురించి. కళ్లజోడు ఎక్కడ పెట్టానో మర్చిపోవడం, పేరు కాసేపటికి గానీ తట్టకపోవడం వయసుతో అందరికీ వచ్చేవే. ఇంట్లో పెద్దవాళ్లు పది నిమిషాల్లో అదే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతున్నా, ఎన్నో ఏళ్లుగా తిరిగిన దారిలోనే తప్పిపోతున్నా, డబ్బు లెక్కలు హఠాత్తుగా అందకపోతున్నా మాత్రం "పెద్దతనం" అని సర్దుకోకుండా డాక్టరుకు చూపించండి. బి12 లోపం, థైరాయిడ్, డిప్రెషన్ వల్ల కూడా మరపు వస్తుంది, వాటికి చికిత్స ఉంది. వెళ్లేటప్పుడు ఎప్పటినుంచి, ఏమేం మర్చిపోతున్నారో తేదీలతో కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. అక్కడ అడిగినప్పుడు మనకు గుర్తు రాదు.